నిట్రాటకు అనుమతి

పశువుల పాకలో నిట్రాట చెదపట్టిందంటే మెట్ట ఊళ్ళలో రైతు చేసే పని ఒకటే. నిట్రాటంటే పాక నడుమ నిలబడి వెన్నుదూలాన్ని మోసే స్తంభం. అది పుచ్చిపోతే పెరట్లో పడి ఉన్న తాటి మొద్దు దొర్లించుకొచ్చి, ఇరుగుపొరుగుని దూలం ఎత్తిపట్టుకోమని, పాతది పీకి, కొత్తది పాతి, కాళ్ళూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు. పంపన తాతారావు కూడా ఆ పనే చేసి ఉంటే ఆ ఏడు ఆ ఊళ్ళో చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

కానీ తాతారావు మర్యాద తెలిసిన మనిషి. నేలలో గునపం దింపే ముందు ఊరి పెద్ద చెవిన ఒక మాట వెయ్యడం ఆ ఇంటి ఆచారం. వాళ్ళ తాత కరణంగారి చెవిన వేసేవాడు, నాన్న మునసబుగారి చెవిన వేసేవాడు. వాళ్ళు "ఊఁ, కానీ" అనేవారు. అంతకు మించి వాళ్ళు చేసిందీ లేదు, చెయ్యాల్సిందీ లేదు. ఇప్పుడు కరణాలూ మునసబులూ పోయారు గనక, తాతారావు రోహిణి కార్తె ఎండలో తలగుడ్డ చుట్టుకుని పంచాయతీ ఆఫీసుకెళ్ళి సెక్రటరీ కామేశం చెవిన వేశాడు.

"మరేం లేదండి, పాకలో నిట్రాట పుచ్చిపోయిందండి. గేదె చూస్తే నిండుచూడి మీదుందండి. మురగశిర వచ్చేలోగా మార్చేద్దామని, మీకో మాట సెప్పి ఎల్దామని వచ్చేనండి."

కామేశం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. అతను అప్పుడే జిల్లా కేంద్రంలో శిక్షణ ముగించుకుని వచ్చాడు. గ్రామీణ గృహప్రాంగణ నిర్మాణాల సమగ్ర క్రమబద్ధీకరణ ఉత్తర్వు అని ఒకటి కొత్తగా వచ్చింది. దాన్ని అమలు చెయ్యాలని అతనికి చేతులు దురద పెడుతున్నాయి. కానీ ఊళ్ళో కట్టుకునేవాడు ఎవడూ చెప్పి కట్టడం లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అలాంటివాడి గుమ్మంలోకి తాతారావు తనంతట తానే వెళ్ళి నిలబడ్డాడు.

"అంటే మీరు స్తంభ ప్రతిక్షేపణ తలపెట్టారన్నమాట!" అన్నాడు కామేశం.

"అలాటిదేం లేదండి బాబూ. నిట్రాట మారుత్తానండి, అంతే."

"రెండూ ఒకటే. కాకపోతే మొదటిదానికి అనుమతి ఇవ్వడానికి వీలుంది. రెండోదానికి లేదు."

తాతారావు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అతని భార్య మంగతాయారు చేటలో బియ్యం చేటలోనే వదిలేసి నడుం మీద చెయ్యేసుకుంది. "నిన్నెవరు సెప్పమన్నారయ్యా? పుచ్చిన కర్ర తియ్యడానికి ఆఫీసుకెల్లి సెప్పాలా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"పెద్దోళ్ళకి ఓ మాట సెప్తే తప్పేటే?" అన్నాడు తాతారావు. తప్పేమిటో అతనికి మర్నాడు పొద్దున్నే తెలిసింది.

మర్నాడు కామేశం టేపూ కాగితాలూ పట్టుకుని వచ్చాడు. వచ్చినవాడు పాక వైపు వెళ్ళలేదు. నూతి దగ్గరే ఆగిపోయాడు. నూతి మీదికి వంగిన ఈతచెట్టుకి గిజిగాడి గూళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కొన్ని పూర్తయినవి, కొన్ని సగం అల్లినవి. పసుపుపచ్చ తలల పిట్టలు ఈతాకుల్ని చీల్చుకొచ్చి గోలగోలగా అల్లేస్తున్నాయి.

"ఇవి ఎవరు కట్టారు?"

"గిజిగాళ్ళండి."

"అనుమతి ఉందా?"

తాతారావు నవ్వాడు. కామేశం నవ్వలేదు. తాతారావు కూడా నవ్వు ఆపేశాడు.

కామేశం ఉత్తర్వు తీసి చదివాడు. "ప్రాంగణమందలి ఏ కట్టడమైనను, దేనితో కట్టినను, ఎవరు కట్టినను, అనుమతి లేనిచో అక్రమ కట్టడముగా పరిగణింపబడును. అక్రమ కట్టడములున్న ప్రాంగణమందు నూతన పనులు నిషిద్ధము. అతిక్రమించినచో నివాస గృహముతో సహా సమస్త కట్టడములు తొలగింపబడును." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవరు కట్టినను అని ఉంది. పిట్టలు మినహా అని లేదు. పైవాళ్ళు ఆలోచించకుండా రాస్తారా?"

పైవాళ్ళు ఆలోచించే రాశారు. ఎవడూ తప్పించుకోకూడదని రాశారు. అందుకే ఎవడూ తప్పించుకోలేదు.

వీధి గుమ్మం మీద కందిరీగ పెట్టిన మట్టిగూడు కనబడింది. ఇంట్లో కందిరీగ గూడు పెడితే కడుపు పండుతుందని నమ్మకం. మంగతాయారు దానికి చీపురు తగలనివ్వకుండా కాపాడుకొస్తోంది. ఇంట్లో ఈసారి కడుపు పండింది గేదెకే. కామేశం ఆ గూటిని కొలిచి, "మట్టి ఎక్కడి నుంచి తెచ్చింది? తవ్వకానికి అనుమతి తీసుకుందా?" అని అడిగాడు.

"అది వచ్చినప్పుడు అడగండి. అదే సెప్తాది," అంది మంగతాయారు.

పెరటి గోడవార చెదపుట్ట ఉంది. దాని చుట్టూ కామేశం భక్తిగా ప్రదక్షిణ చేశాడు. "బహుళ అంతస్తులు. అగ్నిమాపక ఏర్పాట్లు లేవు. నివాసితులు ఎంతమంది?"

"నేనెప్పుడూ అడగలేదండి," అన్నాడు తాతారావు.

చివరికి పాకలోకి వెళ్ళారు. అక్కడ నిట్రాట నడుము దగ్గర వేలు పెడితే దిగబడేట్టుంది. దాని పక్కన గేదె బరువుగా నిలబడి నెమరేస్తోంది. నిట్రాట మొదలు నుంచి తల దాకా చెదలు కట్టిన మట్టిబాట పాకి ఉంది. కామేశం కళ్ళు మెరిశాయి.

"ఇదీ కట్టడమే. సొరంగ మార్గం. దీని సంగతి తేలేదాకా నిట్రాట ముట్టుకోడానికి వీల్లేదు."

"బాబ్బాబు! నిట్రాటని తినేసినవి అయ్యేనండి!"

"తినడం వేరు, కట్టడం వేరు. తినడం మా శాఖ పరిధిలోకి రాదు," అని చెప్పి కామేశం నిట్రాట నడుముకి ఎర్రరంగుతో అడ్డగీత గీసి వెళ్ళిపోయాడు.

ఆ పాక తాతారావు నాన్న కట్టింది. ఆ గేదె వాళ్ళ పెరట్లోనే పుట్టి పెరిగింది. పాక కూలితే దాని మీదే కూలుతుంది. నిట్రాట మారిస్తే ఇల్లు కూల్చేస్తారు. రాత్రికి రాత్రి పీకి పారేద్దామని మంగతాయారు రోజూ పోరుతూనే ఉంది. తాతారావుకి ధైర్యం చాలలేదు. కుడితిలో పడ్డ ఎలకలా ఇంట్లోకీ పాకలోకీ తిరిగేవాడు.

వారం తిరక్కుండా మండలం నుంచి జీపు వచ్చింది. దిగినాయన పద్మనాభం, సూక్ష్మ నిర్మాణాధికారి. సూక్ష్మ నిర్మాణాలంటే ఏమిటో ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయనకీ స్పష్టంగా తెలీదు. గిజిగాడి గూళ్ళు చూడగానే తెలిసిపోయింది. ఆయన ఈతచెట్టు కింద చాలాసేపు తలెత్తి నిలబడ్డాడు.

"ద్వారం అడుగు భాగమున ఉన్నది. మెట్లు లేవు. నాలుగు పక్కలా వదలవలసిన ఖాళీ స్థలం వదిలినట్లు లేదు."

"గాల్లో ఏలాడతన్నాయి కదండీ, నాలుగు పక్కలా ఖాళీయే," అంది మంగతాయారు. "కింద కూడా ఖాళీయే."

"కింద కూడానా!" పద్మనాభం ముఖం పాలిపోయింది. "కామేశం, రాసుకో. పునాది లేదు."

సగంలో వదిలేసిన గూళ్ళ గురించి అడిగితే తాతారావు చేతులు కట్టుకుని వివరించాడు. "మగది అల్లుతాదండి. ఆడది వచ్చి సూత్తాదండి. నచ్చితే ఉంటాది, నచ్చకపోతే ఎగిరిపోతాది. మగది ఆ గూడు వదిలేసి ఇంకోటి మొదలెడతాదండి."

"తనిఖీ ఎంతసేపు చేస్తుంది?"

"ఎంతసేపండి, అలా వాలి, ముక్కుతో రెండు పీకులు పీకి సూత్తాదండి."

"రాతపూర్వకంగా ఏమైనా ఇస్తుందా?"

"లేదండి."

పద్మనాభం పెదవి విరిచాడు. అంత తొందరగా ముగిసే తనిఖీకి విలువ ఉండదనీ, అర్హత లేని వ్యక్తులు తనిఖీలు చేపట్టడం తీవ్రమైన విషయమనీ చెప్పి, కట్టినవారందరికీ నోటీసులు ఇవ్వమన్నాడు.

నోటీసులు వచ్చాయి. కందిరీగ నోటీసు గుమ్మానికి అంటించారు. చెదల నోటీసు పుట్టకి ఆనించి, ఎగిరిపోకుండా రాయి పెట్టారు. మర్నాటికి రాయి మిగిలింది. గిజిగాళ్ళ నోటీసుల్ని మాత్రం కామేశం స్వయంగా నిచ్చెనెక్కి కొమ్మకొకటి చొప్పున జనపనార తాడుతో కట్టాడు. అతను దిగీ దిగకముందే పిట్టలు వచ్చి తాడు పీచులు లాగి గూళ్ళలో అల్లుకున్నాయి. కాగితాలు పీలికలై నూతిలో పడ్డాయి. కామేశం పైకి ఇలా రాశాడు: "నోటీసులు స్వీకరించి, నిర్మాణ నిమిత్తం వినియోగించుకొనిరి. జవాబు ఈయలేదు."

కట్టినవారు జవాబివ్వకపోతే బాధ్యత స్థలం యజమానిదే. ఆ బాధ్యతల్లో మొదటిది ఇంకుడు గుంత. ప్రతి కట్టడానికీ ఒక ఇంకుడు గుంత ఉండాలని అంతకు ముందే ఇంకో ఉత్తర్వు ఉంది. అదీ మంచి ఉత్తర్వే. కూలీలు గునపాలతో దిగారు. గూటికొకటి చొప్పున గిజిగాళ్ళకి తవ్వారు, కందిరీగకి చిన్నది తవ్వారు, చెదపుట్ట పెద్దది గనక దానికి పెద్దది తవ్వారు. పెరడంతా పెనం మీద దోసెలా చిల్లులు పడింది. కోడిపిల్లలు పడిపోతే మంగతాయారు బుట్టతో తోడి తీసేది. నూతికి వెళ్ళాలంటే తాతారావు గట్ల మీద నడిచినట్టు అడుగులో అడుగేసుకుంటూ నడవాల్సి వచ్చేది.

"ఇన్ని గోతులు తవ్వడానికి గునపం దిగొచ్చు గానీ, నిట్రాటకి ఒక్క గొయ్యి తవ్వకూడదేటండి?" అని మంగతాయారు కామేశాన్ని నిలదీసింది.

"అవి అనుమతి గల గోతులమ్మా," అన్నాడు కామేశం శాంతంగా.

ఈలోగా మబ్బులు పట్టడం మొదలైంది. పాక గాలికి కిర్రుమంటోంది. తాతారావు వెదురుబొంగు తెచ్చి దూలానికి ఊతంగా పెట్టాడు. కామేశం వచ్చి అది నూతన స్తంభమని తీయించేశాడు. తాతారావు గేదెని వీధి వసారాలో కట్టాడు. నివాస స్థలాన్ని పశుస్థలంగా మార్చడం వినియోగ మార్పిడి కిందికి వస్తుందని కామేశం మళ్ళీ పాకలోకి తోలించేశాడు. పక్కింటి పాలెపు సూర్యం పాకలో నాలుగు రోజులు కట్టేసుకుంటానని అడిగితే, అతను గోడ అవతలి నుంచే దణ్ణం పెట్టాడు.

"గేదె ఒక్కటే అయితే ఒద్దంటానా, తాతారావు బావా? దాని ఎనకాల సెక్రటరీ వత్తాడు. మా చూరులో పిచికలున్నాయి."

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సరిగ్గా గేదె ఈనడానికి పొదుగు దించిన రోజునే జిల్లా నుంచి డైరెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. రాష్ట్రంలోకెల్లా మొట్టమొదటి సంపూర్ణ క్రమబద్ధీకృత గృహప్రాంగణంగా తాతారావు పెరటిని ప్రకటిస్తారట. గోతుల మధ్య షామియానా వేశారు. డైరెక్టరుగారు పూలదండ మెడలో ఉండగానే ప్రసంగం మొదలుపెట్టాడు. "మన గిజిగాడు నేటి వరకు చట్టం వెలుపల జీవించినాడు. నేటి నుండి మన గిజిగాడు తలెత్తుకొని జీవించగలడు," అన్నాడు.

తలెత్తుకోవడం ఎంతవరకు వచ్చిందో గానీ, అప్పుడే పడమటి గాలి లేచింది. షామియానా లేచి ఈతచెట్టు మీద పడింది. వాన దబదబా కురిసింది. ఇంటివైపు వెళ్ళే దారి నిండా గోతులే గనక డైరెక్టరుగారూ, పద్మనాభమూ, కామేశమూ, వాళ్ళ వెనకే తాతారావూ దగ్గర్లో ఉన్న కప్పు కిందికి పరిగెత్తారు. ఆ కప్పు పశువుల పాకది.

లోపల మంగతాయారు గేదె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గేదెకి నొప్పులు వస్తున్నాయి. ఒక్క గాలి విసురుకి నిట్రాట ఎర్రగీత దగ్గర పుటుక్కున విరిగి పిండిపిండిగా రాలింది. దూలం కిందికి జారింది. తాతారావు ఆలోచించలేదు. ఒక్క ఉదుటున వెళ్ళి దూలం కింద భుజం పెట్టాడు. మెడనరాలు తేలాయి. కానీ దూలం ఆగింది.

ముందుగా తేరుకున్నది డైరెక్టరుగారు.

"ఇది అనుమతి లేని స్తంభమా?"

"మనిషండి," అన్నాడు పద్మనాభం. "గృహ యజమాని."

"మనిషి కట్టడమా, కాదా?"

కామేశం ఉత్తర్వు తీశాడు. అది తడిసిపోయింది. అయినా అతనికి కంఠతా వచ్చు. "ఎవరో కట్టినదై ఉండాలి సార్. ఈయనను ఎవరూ కట్టలేదు."

డైరెక్టరుగారి ముఖం వికసించింది. తాతారావు చుట్టూ తిరిగి చూశాడు. "అద్భుతం! చెద పట్టదు. పునాది అవసరం లేదు. తనంతట తానే వచ్చి నిలబడుతుంది. ఇంత సులభమైన పరిష్కారం మనకింతవరకు తట్టలేదే! తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతం యజమాని స్తంభ స్థానమందు కొనసాగవచ్చును. అయితే ఒకటి. దూలం ఒకసారి భుజాన పెట్టుకున్న వ్యక్తి ఆ కట్టడంలో అంతర్భాగం. అనుమతి లేకుండా తప్పుకుంటే స్తంభం తొలగించినట్లే." పద్మనాభం చప్పట్లు కొట్టాడు. కామేశం కాగితాలు చంకలో పెట్టుకుని అతనూ కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్యే గేదె ఈనింది. దూడ నేల మీద పడ్డ చప్పుడు తాతారావుకి వీపు వెనక వినబడింది. తల తిప్పడానికి లేదు. ఆ గేదె పుట్టినప్పుడు దాన్ని మొదట చూసింది తాతారావే. దాని దూడని ఇప్పుడు అధికారులంతా చూశారు, అతను తప్ప. అతనికి ఏడుపొచ్చింది. వానా చెమటా కారుతున్న ముఖం మీద అది ఎవరికీ తెలియలేదు.

"పెయ్యదూడే!" అన్నాడు డైరెక్టరుగారు. "జున్ను పంపడం మర్చిపోకండి." వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఆయనా పద్మనాభమూ గొడుగు కింద గోతులు దాటుకుంటూ జీపు దగ్గరికి వెళ్ళిపోయారు. స్తంభం స్థానంలోనే ఉన్నట్టు సాయంత్రం దాకా గమనించమని కామేశాన్ని అక్కడే వదిలారు.

"ఏమయ్యా," అంది మంగతాయారు. "దూడ బురదలో పడిపోయింది. లేవట్లేదు. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

ఇంకుడు గోతులు నిండి పొంగిన నీళ్ళు పాకలోకి వస్తున్నాయి. తాతారావు కళ్ళు మూసుకుని తెరిచాడు. తర్వాత చాలా మర్యాదగా పిలిచాడు.

"సెక్రటరీగారూ, ఓ సెయ్యెయ్యండి."

కామేశం పాపం చెడ్డవాడు కాదు. ఎవరైనా చెయ్యి వెయ్యమంటే వేస్తాడు. దూలం కింద చెయ్యి వేశాడు, బరువు తెలిసి రెండోది వేశాడు, అదీ చాలక భుజం పెట్టాడు. తాతారావు పక్కకి తప్పుకున్నాడు.

దూడని రెండు చేతుల్లోకీ ఎత్తుకుని మెరక మీద ఎండుగడ్డిలో పెట్టాడు. ముక్కులో జిగురు తీసి, తలగుడ్డ విప్పి ఒళ్ళంతా రుద్దాడు. దూడ తుమ్మింది. చెవులు విదిలించింది. గేదె మెడ చాచి నాకడం మొదలెట్టింది. తాతారావు దాని నుదుట చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయాడు.

"తాతారావుగారూ! ఇహ రండి! భుజం విరిగిపోతోంది!"

ఆ ఊరు వచ్చిన తర్వాత కామేశం అతన్ని గారు అనడం అదే మొదలు. తాతారావు లేచి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. దూలం వైపు చూశాడు, కామేశం వైపు చూశాడు. మనసులో ఇన్నాళ్ళూ ముడుచుకుని ఉన్నదేదో కాళ్ళు చాపుకుంది.

"రావడానికేవుందండి. కానీ దూలం బుజానెట్టుకున్నోరు కట్టడంలో బాగవని దొరగారు ఇందాకే అన్నారండి. మిమ్మల్ని తియ్యాలంటే అనుమతి కావాలండి. లేపోతే మా ఇల్లు కూల్చేత్తారు."

"అనుమతి ఇచ్చానయ్యా! ఇప్పుడే ఇచ్చాను! కొత్త మొద్దు పాతుకో!"

"మరి చెదల సంగతండి?"

"చెదలు పోనీ!"

"గిజిగాళ్ళండి?"

"వాటికీ ఇచ్చాను! కందిరీగకీ ఇచ్చాను! ఊరందరికీ ఇచ్చాను!"

"రాతపూర్వకంగానండి?" అంది మంగతాయారు దూడ పక్కనుంచి.

"రెండు చేతులూ దూలం కింద ఉన్నాయమ్మా!" కామేశం అరిచాడు.

గోడ మీద తలలు లేచాయి. అనుమతి ఊరందరికీ అన్న మాట విని సూర్యమూ మరో ముగ్గురూ గోడ దూకేశారు. గోతులు దాటించి తాటి మొద్దు దొర్లించుకొచ్చారు. బురద నేల గనక గునపం వెన్నలో దిగినట్టు దిగింది. వాళ్ళు తవ్వుతుంటే కామేశం పళ్ళు బిగబట్టి, నిట్రాట ఎంత సూక్ష్మ నిర్మాణమో మొదటిసారి తెలుసుకుంటూ నిలబడ్డాడు. మొద్దు గోతిలోకి దిగింది. తల దూలానికి ఆనింది. చుట్టూ మట్టి కూరి కాళ్ళతో తొక్కారు.

"వదిలెయ్యండి," అన్నాడు తాతారావు.

కామేశం వదల్లేదు. "నిజంగా ఆనిందా?"

"ఆనిందండి."

"మళ్ళీ చూడండి."

తాతారావు భుజంతో గట్టిగా తోసి చూపించాడు. మొద్దు కదల్లేదు. కామేశం ఒక చెయ్యి తీసి మొద్దుని తట్టాడు. వంగి మొదలు చూశాడు, మెడ వంచి తల చూశాడు, మట్టిని కాలితో నొక్కాడు. అప్పుడు మెల్లగా, ఒక్కో వేలే తీసి, దూలం కింద నుంచి బయటికొచ్చాడు. ఉద్యోగంలో చేరాక అతను మనసుపెట్టి చేసిన మొదటి తనిఖీ అది.